అరువు తమ్ముడు

కళ్ళజోళ్ళ షాపు షట్టరు సగానికి దించి, వెనక గదిలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా స్టూళ్ళ మీద కూర్చున్నారు. అద్దాలు అరగదీసే యంత్రం ఆగి ఉంది. దాని తొట్టిలో నీళ్ళు గాజుపొడితో పాలలా తెల్లగా ఉన్నాయి. ఒకతను ఆ షాపు యజమాని. వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. రెండో అతను ఎత్తైన భవనాలకి తాడు మీద వేలాడుతూ రంగులు వేసే మనిషి. వారం రోజులుగా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా అద్దాలాయన ఈ రంగులాయనకి తన బతుకు అప్పజెబుతున్నాడు.

"నాన్న ఎప్పుడు పోయాడు?" అడిగాడు అద్దాలాయన.

"నాకు ఆరేళ్ళప్పుడు. అక్కకి పదమూడు."

"ఎలా?"

"బస్సు దిగుతూ. మీరు అప్పుడు..."

"మీరు కాదు, నేను అనాలి."

"నేను అప్పుడు బడిలో ఉన్నాను. అక్క వచ్చి తీసుకెళ్ళింది. దారిలో ఏం చెప్పలేదు. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది."

"ఏ చెయ్యి?"

"అది కూడా అక్కడ అడుగుతారా?"

"ఏమో. ఎడమ చెయ్యి."

"ఎడమ చెయ్యి," అని రంగులాయన తన ఎడమ మణికట్టు వైపు చూసుకున్నాడు. గుర్తుందా లేదా అని కాకుండా, అక్కడ ఇంకా నొప్పిగా ఉందా అని చూసుకున్నట్టు చూసుకున్నాడు. పాఠం బాగా వస్తోందని సంతోషించాల్సిన చోట, అద్దాలాయనకి ఇంట్లో ఎవరో తన చెప్పులేసుకుని తిరుగుతున్న చప్పుడు విన్నట్టయింది.

ఈ అప్పజెప్పడానికి కారణం అద్దాలాయన అక్క. ఆమె బడిలో డ్రిల్లు టీచరు. ఈల నోట్లో పెట్టుకుంటే మూడు వందల మంది పిల్లలు కదలకుండా నిలబడేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆమె కాళ్ళు వాచాయి, తర్వాత మొహం వాచింది, తర్వాత రెండు కిడ్నీలూ పని మానేశాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, దగ్గర్లోని చిన్న ఆస్పత్రిలో రక్తం కడిగే యంత్రం పక్కన పడుకుంటుంది. రోజుకి తాగే నీళ్ళకి కొలత ఉంది. దాహం మరీ ఎక్కువైతే ఒక మంచుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడదు. చేతిలో సూది గుచ్చే నరాలు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఇలా ఎన్నాళ్ళో లాగలేం, సొంతవాళ్ళెవరైనా ఒక కిడ్నీ ఇస్తే, అని డాక్టరు మాట పూర్తిచేసేలోపే అద్దాలాయన "నేనిస్తాను" అన్నాడు.

అన్నప్పుడు నిజంగానే అన్నాడు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే తన ఎడమ చెయ్యి డొక్క మీద ఉండటం గమనించాడు. తీశాడు. కాసేపటికి అది మళ్ళీ అక్కడే ఉంది. బస్సులో జనం తోసుకుంటుంటే ఆ పక్కని కిటికీ వైపు తిప్పి కాచుకునేవాడు. రక్తపరీక్షకి రమ్మన్న రోజున జ్వరం వచ్చింది. నాటకం కాదు, నిజంగానే నూటరెండు. ఇంకోసారి షాపులో పని తగిలిందన్నాడు. మూడోసారి కిడ్నీ మార్చే పెద్దాస్పత్రి మెట్ల దాకా వెళ్ళి, అక్కడే గంటసేపు కూర్చుని, లేచి వచ్చి, "రక్తం ఇచ్చానే అక్కా," అని అబద్ధమాడాడు. ఆమె అతని మోచేతి వంపు వైపు చూసింది. సూది గుర్తు లేదు.

ఆ తర్వాతే చుట్టం అనే మనిషి పరిచయమయ్యాడు. ఎవరికి ఏ చుట్టం కావాలన్నా తెచ్చిపెడతాడు కాబట్టి ఆ పేరు. సన్నగా, శుభ్రంగా, బడిపంతులులా ఉంటాడు. డబ్బిచ్చి కిడ్నీ కొనడం చట్టం ఒప్పదు. రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఇస్తే మాత్రం ఒప్పుతుంది. అందుకని కొన్నవాణ్ణి ముందు తమ్ముణ్ణి చెయ్యాలి. అద్దాలాయన గుర్తింపు కార్డు మీద రంగులాయన ఫొటో ఎక్కింది. రక్తం గ్రూపు కలిసింది.

"ఇక మీ అక్కకి తమ్ముడు ఆయనే," అన్నాడు చుట్టం. "పని అయ్యేదాకా మీరు ఆ పెద్దాస్పత్రి ఛాయలకి రాకండి. ఒక మనిషి రెండుచోట్ల ఉంటే బాగుండదు."

అక్కకి చెప్పినప్పుడు ఆమె నోట్లో మంచుముక్క ఉంది. అది అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చుకుంది.

"ఆయనెందుకిస్తున్నాడు?"

"డబ్బుకి."

"నువ్వెందుకివ్వట్లేదు?"

అతను నేల వైపు చూశాడు. మంచు కరిగే దాకా ఆమె మాట్లాడలేదు. "సరేలే," అంది చివరికి.

అక్క దేన్నీ సరేలే అని వదిలిపెట్టే మనిషి కాదు. వరుసలో ఒక పిల్లాడి బూటు తాడు ఊడి ఉంటే మొత్తం పరేడ్ ఆపించేది. అలాంటి మనిషి ఇంతకన్నా అడగలేదంటే, అడిగితే ఏ జవాబు వస్తుందోనని, వస్తే ఆ కిడ్నీ వద్దనాల్సి వస్తుందేమోనని జంకిందన్నమాట. ఆమెకి చావంటే భయంగా ఉంది. అతనికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. తెలిశాక ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఆదివారం పొద్దున రంగులాయనని అక్క ఇంటికి తీసుకెళ్ళాడు. రంగులాయన గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, "నమస్కారం అక్కగారూ," అన్నాడు.

"అయిపోయింది," అంది అక్క. "సొంత తమ్ముడు అక్కగారూ అంటాడా? మా వాడు 'ఏంటే' అని తప్ప పిలిచిన పాపాన పోలేదు. అను."

"అనలేనండీ."

"అండీ ఒకటి మళ్ళీ. ఏంటే అక్కా అను. అంటే తప్ప లోపలికి రానివ్వను."

"ఏంటే అక్కా," అన్నాడు రంగులాయన, పక్కకి తిరిగి.

"పెళ్ళికూతురిలా సిగ్గుపడకు. మళ్ళీ."

నాలుగోసారికి అక్క నవ్వేసింది. రంగులాయన కూడా నవ్వాడు. అద్దాలాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ నవ్వు అక్క నోట ఎన్ని నెలలకి వచ్చిందో లెక్క వేసుకుంటున్నాడు.

"నీకు భయం లేదా?" అని ఆమె రంగులాయనని అడిగింది.

"దేనికండీ... దేనికే? పన్నెండో అంతస్తు కిటికీ మీద కాళ్ళు ఆనించి, డబ్బా నడుముకి కట్టుకుని పని చేస్తాను. తాడు రోజుకోసారి చూసుకుంటాను. తర్వాత దాని సంగతి మర్చిపోతాను."

"మరి ఇది అమ్ముకోవడం తప్పనిపించదా?"

"ఇప్పుడు రోజూ అమ్ముకునేదేంటి మరి? తాడు తెగితే మొత్తం మనిషే పోతాడు. దానికి కూలి ఇస్తే తప్పు లేదు. ఇక్కడైతే డాక్టర్లుంటారు, మంచం ఉంటుంది. కిందపడే పనే లేదు." కొంచెం ఆగాడు. "నాకో మోటారు ఊయల కొనుక్కోవాలని ఉంది. నలుగురు నిలబడి రంగు వేసుకునేది. అదుంటే నేనే పని ఇచ్చేవాణ్ణవుతాను."

అతను వెళ్ళాక, "మంచివాడురా," అంది అక్క. ఆ మాట ఆమె మెచ్చుకోలుగా అనలేదు, ఫిర్యాదులా అంది.

కిడ్నీ ఇచ్చేవాళ్ళని ఆస్పత్రి కమిటీ చేసే ఇంటర్వ్యూ ఇంకా నాలుగు రోజులుందనగా చుట్టం షాపుకొచ్చాడు. కళ్ళజోడు ఫ్రేములు ఒక్కొక్కటే పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ మాట్లాడాడు.

"చుట్టరికం బాగా వచ్చింది. నేను పరీక్ష చేశాను. కానీ ఒకటి తక్కువైంది. అక్కడ కౌన్సెలర్ మేడమ్ ఉంది. కమిటీకి ముందు ఆవిడ ఒక్కొక్కర్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడుతుంది. పోయిన నెల నా మనిషిని ఒకణ్ణి పట్టేసింది. ఎలా పట్టిందో తెలుసా? భయంగా ఉందా అని అడిగింది. వాడు ఛాతీ విరిచి, లేదు మేడమ్ అన్నాడు. అంతే."

"భయం లేకపోతే తప్పేంటి?"

"సొంతవాళ్ళకి ఉంటుంది కాబట్టి. తల్లికైనా ఉంటుంది. కొన్నవాళ్ళే లేదంటారు, అలా అనమని మేమే నేర్పేవాళ్ళం." చుట్టం ఒక ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. "ఈయనకి నిజంగానే లేదు. అదే చిక్కు. మీరు నేర్పండి. మీ దగ్గర బోలెడుంది కదా."

నేర్పడం మొదలుపెట్టేదాకా, ఎంత ఉందో అద్దాలాయనకి కూడా తెలియదు.

మొదటి రోజు పైపైన చెప్పాడు. కత్తి, రక్తం, కుట్లు. రంగులాయన తలూపాడు గానీ, చెవులు తప్ప ఇంకేవీ వినట్లేదని తెలుస్తూనే ఉంది. రెండో రోజు అద్దాలాయన యంత్రం వేశాడు, చప్పుడులో చెప్పడం తేలికవుతుందని. ఖాళీ చక్రం తిరుగుతుంటే, దాని వైపు చూస్తూ చెప్పాడు.

"కత్తి కాదు. కత్తి వేసేటప్పుడు నేనుండను. భయం అదే. మత్తిస్తారు, అంకెలు లెక్కపెట్టమంటారు. నాలుగో ఐదో అంటాను. ఆ తర్వాత నేను లేని నన్ను బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెడతారు. నిద్రలో అయితే మనిషి ఉంటాడు, కల వస్తుంది, దోమ కుడితే తెలుస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు. మూడు గంటలు నా చోటు ఖాళీ. ఆ ఖాళీలోంచి తిరిగొచ్చేది నేనేనని ఎవరు చెప్పాలి? వాడు కూడా నా పేరుకి పలుకుతాడు. అక్కని గుర్తుపడతాడు. వాడికి అనుమానం కూడా రాదు."

రంగులాయన స్టూలు మీద కొంచెం కదిలాడు.

"తర్వాత లోపల ఒక గది ఖాళీగా ఉంటుంది. పక్కనున్నవి మెల్లగా అందులోకి జరుగుతాయట. పేగులు. అవి జరగడం నాకు తెలుస్తుందనిపిస్తుంది. మిగిలినది ఒక్కటే. దానికి ఏ చిన్న నలత చేసినా, మంచినీళ్ళు తాగినప్పుడల్లా, దాని గురించే ఆలోచిస్తూ బతకాలి. మీరు తాడు ఒకసారి చూసుకుని మర్చిపోతానన్నారు. ఇది మర్చిపోలేం. రెండు తాళ్ళలో ఒకటి కోసేశాక ఉన్న తాడు వైపే చూస్తూ వేలాడాలి."

చక్రం తిరుగుతోంది. రంగులాయన ఎడమ చెయ్యి డొక్క మీదికి వెళ్ళింది. అద్దాలాయన చూశాడు. అక్కడితో ఆపాల్సింది. కానీ ఒక మనిషి తన మాట ఇంత శ్రద్ధగా వినడం అతనికి కొత్త. బయటికి వస్తున్నకొద్దీ లోపల తేలికవుతున్నట్టుంది. అందుకే, ఎవరికీ చెప్పకూడదనుకున్నది కూడా చెప్పేశాడు.

"ఒకరోజు షాపులో ఫోను మోగింది. రక్తం కడిగే యంత్రం దగ్గర అక్కకి ఏదో అయిందని చెప్పడానికేమో అనుకున్నాను. అనుకోగానే ప్రాణం హాయిగా అనిపించింది. ఇక నేను ఇవ్వక్కర్లేదని. ఒక్క క్షణమే. ఫోను తీస్తే ఎవరో కళ్ళజోడు తయారైందా అని అడిగారు. నాకు చెప్పలేనంత నిరాశ కలిగింది. అలా నిరాశపడిన మనిషికి నేను భయపడతాను. వాడు నాలోనే ఉన్నాడు."

రంగులాయన లేచి యంత్రం ఆపాడు. "నేర్చుకున్నానులే," అని చొక్కా సర్దుకుని షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ రోజున అద్దాలాయన షాపు తెరవలేదు. ఆస్పత్రికి రెండు వీధుల అవతల, ఒక టీకొట్టు బల్ల మీద కూర్చుని, నాలుగు టీలు చల్లారబెట్టాడు. పట్టుబడతారేమోనని భయం. పోలీసులు వస్తే ముందు ఎటువైపు నుంచి వస్తారోనని చూసుకున్నాడు. మధ్యాహ్నానికి అక్క ఆటోలో వచ్చి, దిగకుండానే అతన్ని పిలిచింది. పక్కన రంగులాయన లేడు.

"పట్టుకున్నారా?"

"లేదురా. అన్నీ సరిగ్గా చెప్పాడు. నువ్వు నాకు చెప్పని నీ సంగతులు కూడా చెప్పాడేమో, ఆవిడ అతనితో రెండు గంటలు మాట్లాడింది. తర్వాత డాక్టరొచ్చి, మీ తమ్ముడిది సరిపడదమ్మా, పరీక్షలో ఏదో తేడా ఉంది అన్నాడు." అక్క చీర కొంగు చేతికి చుట్టుకుంది. "తమ్ముడి పేరు కొట్టేశారు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. లేరన్నాను."

అతని లోపల ఏదో విడిపోయి వదులైంది. బతికిపోయాననుకున్నాడు. అనుకున్న మరుక్షణం ఆటో కడ్డీ పట్టుకున్నాడు. అక్క చూస్తూ ఉంది.

సాయంత్రం నాలుగింటికి అద్దాలాయన, రంగులాయన పనిచేసే చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు. కొత్త ఆఫీసు భవనం. మిగతావాళ్ళు పైన తాళ్ళ మీద ఉన్నారు. రంగులాయన కింద ఇసుకకుప్ప పక్కన కూర్చుని బ్రష్షులు కడుగుతున్నాడు.

"తేడా ఏం లేదు," అన్నాడు తలెత్తకుండా. "ఆవిడ అడిగింది. భయంగా ఉందా అని. మీరు చెప్పినవన్నీ చెప్పాను. ఫోను సంగతి కూడా. చెప్తుంటే నావే అనిపించాయి. ఏడుపొచ్చేసింది. ఆవిడ తలుపేసొచ్చి, మీకు ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు, పరీక్షలో సరిపడలేదని మేమే చెప్తాం, అసలు కారణం మీ అక్కకి కూడా చెప్పం, ఎంతోమందికి అలా చేశాం అంది."

"మీరేమన్నారు?"

"సరేనన్నాను."

బ్రష్షులోంచి నీలం నీళ్ళు ఇసుకలోకి ఇంకాయి.

"మీరు పాసయ్యారు," అన్నాడు అద్దాలాయన. ఏమనాలో తెలీక.

"పాసవడం కాదు. మొన్న, మీరు ఆ తాడు మాట చెప్పిన మర్నాడు, ఏడో అంతస్తు దగ్గర ఉండిపోయాను. తాడు వైపు చూస్తూ. కిందికి దిగడానికి కాళ్ళు రాలేదు. ఇద్దరు పైనుంచి లాగారు. నిన్నా అంతే. మేస్త్రీ కింద పని చూసుకోమన్నాడు. దీనికి సగం కూలి కూడా రాదు." అప్పుడు తలెత్తాడు. కోపం లేదు. అదే భరించలేకపోయాడు అద్దాలాయన. "మీ చుట్టం ఇచ్చిన బయానా వెనక్కి ఇమ్మంటున్నాడు. కిడ్నీ పోలేదు కదా, నీకేం నష్టం అంటున్నాడు."

అద్దాలాయన ఇంటికి నడిచే వెళ్ళాడు. డబ్బిచ్చి ఇంకొకరి ఒంట్లోంచి ఒకటి తీసుకోవచ్చా లేదా అని ఈ నెలంతా తనతో తాను వాదించుకున్నాడు. ఇష్టపడి ఇస్తున్నాడు, తీసుకుంటే ఏమైందని సర్దిచెప్పుకున్నాడు. తీరా చూస్తే కత్తి పడకముందే తీసేసుకున్నాడు. ఆ మనిషి దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆస్తిని, ఆ ధైర్యాన్ని. తన భయం మాత్రం చెక్కుచెదరలేదు. పంచుకుంటే తగ్గుతుందనుకున్న భయం ఇద్దరి దగ్గరా నిండుగా ఉంది.

ఇక ఆస్పత్రి రిజిస్టరు ప్రకారం అక్క తమ్ముడి కిడ్నీ సరిపడదు. ఆ ఆస్పత్రిలో ఇక ఎవరూ అతన్ని పిలవరు, అడగరు. చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. అలా కూర్చున్నవాణ్ణి, ఫోను మోగినప్పుడల్లా తలెత్తేవాణ్ణి, అతను స్పష్టంగా చూశాడు.

మర్నాడు పదింటికి పెద్దాస్పత్రి నాలుగో అంతస్తులో కౌన్సెలర్ గది ముందు నిలబడ్డాడు. తలుపు కొట్టడానికి ముందు రెండుసార్లు మెట్ల దాకా వెనక్కి వెళ్ళొచ్చాడు. లోపల రెండు కుర్చీలు, ఒక బల్ల, బరువు చూసే యంత్రం. ఆవిడ నడివయసు మనిషి. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. ఎడమ కాడ వదులైందని అతని కన్ను వద్దన్నా పట్టేసింది.

"ఎవరికోసం వచ్చారు?"

"డ్రిల్లు టీచరుగారి తమ్ముణ్ణి."

"ఆమె తమ్ముడితో నిన్ననే మాట్లాడాను."

"ఆయన కాదు. నేను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరిప్పుడు లేచి వెళ్ళిపోతే, నేనేమీ వినలేదు. కూర్చుంటే మాత్రం రాయాలి. రాస్తే కమిటీకి వెళ్తుంది, పోలీసులకీ వెళ్తుంది. ఇదంతా అయ్యాక మీది తీసుకోవడానికి ఒప్పుకుంటారో లేదో కూడా నేను చెప్పలేను. మీ అక్కకి అంత టైముందో లేదో."

అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు. కూర్చున్నాడు, నిలబడలేక కూడా.

"నాకు చాలా భయంగా ఉంది మేడమ్. మత్తిచ్చినప్పుడు నేను..."

"అవన్నీ విన్నాను," అంది ఆవిడ మెల్లగా. "ఆ ఫోను సంగతితో సహా."

అతనికి చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఉన్నదంతా ఇంకొకరి నోటితో ఈ గదిలో ముందే పలికింది. భయం ఉంది, దానికి మాటల్లేవు.

ఆవిడ కాగితం తీసింది. "ముందు ఇది చెప్పండి. నిన్న వచ్చినాయన ఎవరు? ఎక్కడుంటాడు?"

ఇసుకకుప్ప, నీలం నీళ్ళు, ఆ భవనం ఉన్న వీధి అతని కళ్ళముందు ఆడాయి. ఒక్క ముక్క చెబితే తన బరువు సగం తగ్గుతుంది.

"నా గురించి రాసుకోండి," అన్నాడు. "నేర్పించింది నేను. కార్డు నాది. ఆయన గురించి చెప్పను."

"చెప్పకపోతే మీకే కష్టం."

"తెలుసు మేడమ్."

"కాసేపు బయట కూర్చుని ఆలోచించుకుని రండి."

"వద్దు. బయటికెళితే మళ్ళీ రాను," అన్నాడు అతను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, కలం మూత తీసి, అతని పేరు అడిగింది.